కరెంటు పోయాక మిగిలిన మాట

టెస్టింగ్ ల్యాబ్‌లో మెయిన్ స్విచ్ ఎవరో దించేశారు. ఫ్యాన్లు ఇంకా పూర్తిగా ఆగలేదు. వాటి కింద కుర్చీలో ఆ ల్యాబ్ ఇంజనీరు, మాస్టారి బావమరిది, తల వాల్చి ఉన్నాడు, కాస్త కునుకు తీస్తున్నవాడిలా. మెడ మీద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క.

గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అందరూ మాస్టారు అని పిలిచే ఏజెంట్ ఆ చుక్క చూశాడు. విషపు సూది. నాడి చూశాడు. లేదు. ముఖంలో మాత్రం నొప్పి జాడ లేదు. ఆ మేరకు ఎవరి దయో.

"తమ్ముణ్ణి కనిపెట్టి ఉండండి," అని భార్య ఆస్పత్రి మంచం మీంచి అడిగింది. ఆమె పోయి ఏళ్లయినా ఆ మాట ప్రతి ఖాళీ గదిలోనూ అతనికంటే ముందే వచ్చి కూర్చుంటుంది. ఇవాళా కూర్చుని ఉంది.

చెవిలో చీఫ్ గొంతు. "పరిస్థితి?"

"ఆలస్యమైంది సార్."

"సాక్ష్యం?"

రాబోయే ఫోన్లు, టీవీలు, ల్యాప్‌టాప్‌లు అన్నింటికీ ఒకే మెమరీ స్టాండర్డ్ ఖాయం చేయడానికి ఆ సాయంత్రమే కమిటీ ఓటు వేయబోతోంది. బ్యాండ్‌విడ్త్ రెట్టింపు. అంటే మెమరీకీ ప్రాసెసర్‌కీ మధ్య దారి రెండింతలు వెడల్పు. ఆ వెడల్పులో ఒక విదేశీ ముఠా తన దొంగ సందు కలిపేసింది. సరైన సిగ్నల్ అందితే చాలు, తాళం వేసిన ఫోన్ కూడా మెమరీలో ఉన్నదంతా పక్క పరికరానికి అప్పజెప్పేస్తుంది. ఓటు పడిందా, ప్రతి జేబులోనూ ఒక వేగు.

నిన్న బావమరిది ఫోన్లో నవ్వుతూ అన్నాడు. "చెప్తే ఎవరూ నమ్మరు బావా. చేసి చూపిస్తా. ఒక ఫోన్లో ఏదైనా దాచి తాళం వేస్తా. అది పక్క బోర్డు మెమరీలో తేలిందంటే దొంగ దొరికినట్టే."

చేశాడు. కానీ కరెంటు పోతే మెమరీలో ఉన్నదీ పోతుంది. అందుకే హంతకులు స్విచ్ దించి నింపాదిగా వెళ్లిపోయారు.

మాస్టారు బోర్డు మీదికి వంగాడు. ఆ ఉక్కపోతలో, చిప్పులు బిగించిన మెమరీ మాడ్యూల్ మీద తెల్లటి మంచు. బావమరిది వేళ్లు ఫ్రీజ్ స్ప్రేను ఇంకా వదల్లేదు. వేడెక్కి మొరాయించే చిప్పును కనిపెట్టడానికి రిపేరు వాళ్లు కొట్టే స్ప్రే.

భోజనాల దగ్గర అతను వాదించే మాట గుర్తొచ్చింది. "కరెంటు తీస్తే రెప్పపాటులో అంతా పోతుందనుకోండి అంటుంది స్టాండర్డ్. అది జాగ్రత్త కోసం బావా. చల్లగా ఉంచితే చిప్పు అంత త్వరగా మరిచిపోదు."

హంతకులు స్టాండర్డ్‌ను అక్షరాలా నమ్మారు.

మాస్టారు మాడ్యూల్ ఊడదీసి అతని స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టాడు. స్ప్రే జేబులో వేసుకుని, బావమరిది సగం తెరిచి ఉన్న కళ్లను మూసేశాడు.

వెనక హైహీల్స్ చప్పుడు. "బయట గాలి ఎలా ఉంది?"

"బ్యాండ్‌విడ్త్ చాలడం లేదు."

కోడ్ సరిపోయింది. ముదురు నీలం గౌను, ముత్యాల చెవిపోగులు. కమిటీ సెక్రటరీ. ముఠాలో డిపార్ట్‌మెంట్ నాటిన మనిషి. ఆమెను డిపార్ట్‌మెంట్‌లో తామే నాటామని ముఠా నమ్మకం. రెండు చోట్లా ఆమె పేరు నెమలి.

"కారు సిద్ధంగా ఉంది. ఓటు జరిగే హాలుకి పదండి."

కారెక్కిన కాసేపటికి మాస్టారి నుదురు చెమర్చింది. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. హీటర్ పూర్తిగా తిప్పి ఉంది.

"ఈ ఎండలో హీటర్ ఎందుకమ్మా?"

"మీకు చలి పడదని ఫైల్లో చదివాను."

"ఫైలు పాతదై ఉంటుంది. ఆపు."

ఆపలేదు. హాలు వైపు మలుపు కూడా దాటేసింది. "ముఠావాళ్లు మిమ్మల్ని కాల్చేయమన్నారు. నా వల్ల కాదన్నాను. ఊరికే షికారు తిప్పుతా, ఈ వేడికి ఆ చిప్పు అదే ఖాళీ అవుతుంది. మీకు దెబ్బ తగలదు, నాకు చెడ్డపేరు రాదు."

"ఎంత మంచిదానివి."

"వెటకారమా?"

"సగం."

మిగతా సగం నిజమే. పిస్టల్ ఆమె ఒళ్లోనే ఉంది, గురి పెట్టలేదు. స్ప్రేలో చివరి బుస మిగిలింది. ఆమె కళ్లలో కొడితే మాడ్యూల్‌కి ఉండదు. మాస్టారు టిఫిన్ డబ్బా తెరిచి మాడ్యూల్ మీదే కొట్టాడు. రెండో చేత్తో హ్యాండ్‌బ్రేక్ గుంజాడు.

కారు గిర్రున తిరిగి ఫుట్‌పాత్ ఎక్కి ఆగింది. పిస్టల్ సీటు కిందికి జారిపోయింది. అతను వాచీలోంచి ఉక్కు తీగ లాగి ఆమె మణికట్టును స్టీరింగ్‌కి కట్టేశాడు. హీటర్ ఆపి, అద్దం దించాడు.

"గాలి ఆడుతుందిలే," అని చెప్పి పరుగెత్తాడు.

హాలు వంటగదిలో ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ తెరుస్తుంటే వంటావిడ అడ్డొచ్చింది. "ఎవరయ్యా నువ్వు? అందులో ఏం పెడుతున్నావు?"

"మా బావమరిదిది తల్లీ. ఇందాకే పోయాడు. ఇది చల్లగా ఉండాలి."

ఆమె అతని ముఖం చూసింది. ఇంకేమీ అడగలేదు. గిన్నె నిండా ఐసు పోసి, డబ్బాను అందులో పెట్టి, సర్వర్ తెల్లకోటు ఒకటి అతని భుజాల మీద వేసింది.

లోపల చైర్మన్ సుత్తి ఎత్తాడు. "ఆఖరిసారి అడుగుతున్నాను. అభ్యంతరాలు ఉన్నాయా?"

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ కమిటీలో అది పూర్తి అంగీకారం.

"ఉందండి," అన్నాడు ఐసు గిన్నె పట్టుకున్న సర్వర్.

కొత్త స్పీడు చూపించడానికి వేదిక మీద పెట్టిన డెమో బోర్డులో మాడ్యూల్ గుచ్చి, అందులో మిగిలిందంతా చదివించాడు. పెద్ద తెర మీద దొంగ సిగ్నల్ గీతలు లేచాయి, మధ్యమధ్య చెరిగిపోయి. ఇంజనీర్లు కుర్చీల్లోంచి లేచారు. స్పీకర్లలో గరగర. ఆ గరగరలోంచి ఒక ఆడమనిషి గొంతు.

"తమ్ముడూ... మీ బావగారు ఫోన్ ఎత్తడం లేదు... గొడుగు మరిచిపోయి... తడిసిపోతారు, నువ్వైనా..."

తర్వాత గరగరే.

తాళం వేసిన ఫోన్లో బావమరిది దాచింది అక్క పాత వాయిస్ మెసేజ్. మాస్టారు ఐసు గిన్నె కింద పెట్టి స్పీకర్ వైపు తిరిగాడు. ఖాళీగా ఉండాల్సిన చోట ఆమె ఉంది. ఇంకా అతని కోసమే కంగారు పడుతోంది.

"ఇది... ఈ మెమరీలోకి రాకూడని డేటా," అన్నాడు ముందువరస ఇంజనీర్ పాలిపోయి.

చైర్మన్ సుత్తిని మెల్లగా పక్కన పెట్టాడు. "ఓటు రద్దు. అభ్యంతరం ఎవరిదని రాసుకోమంటారు?"

"మా ఆవిడదండి," అన్నాడు మాస్టారు. "ఆవిడ కాదన్నాక ఓటుకి పెట్టే అలవాటు మా ఇంట్లో ఎప్పుడూ లేదు."