సాయిచంద్ మిక్సూ, లక్ష్మీరాజం మగ్గమూ

సిరిసిల్లలో, ఊరి చివర డాంబర్ రోడ్డు ఆగిపోయే చోట ఒక రేకుల షెడ్డుంది. చీకటి పడ్డాక అటువైపు ఎవరూ పోరు. ఒకప్పుడు అందులో ఇరవై సాంచలు, అంటే కరెంటు మగ్గాలు, ఆడేవి. అవన్నీ ఒక్కొక్కటిగా తుక్కు కింద పోయాయి. మూలనున్న లక్ష్మీరాజం చేతిమగ్గాన్ని మాత్రం తుక్కు కొనేవాడు కూడా ముట్టలేదు.

లక్ష్మీరాజం ఆ మగ్గం మీద నేస్తూ నేస్తూనే పోయాడు… చీర సగంలో ఉంది. అప్పటినుంచి కొన్ని రాత్రులు ఆ మగ్గం దానంతట అదే ఆడుతుందని అంటారు. విన్నవాళ్లున్నారు. చూసినవాళ్లు లేరు. అంతసేపు ఎవరు నిలబడతారు?

అలాంటి చోటికి సాయిచంద్ తనంతట తానే పోయాడు. ధైర్యవంతుడనుకునేరు! రాత్రి ఒంటేలుకు పోవాలన్నా వాళ్లవ్వ దేవవ్వను లేపే మనిషి. ఈ మాట నేనంటున్నది కాదు, ఈ కథ చెప్పినప్పుడల్లా ముందుగా అతనే చెప్పుకుంటాడు.

అతను డీజే. ట్రాలీ ఆటో మీద స్పీకర్ డబ్బాలు కట్టి, బరాత్ ముందర తీన్మార్ వాయించే డీజే. పెళ్లికొడుకు చిన్నాయనలు రోడ్డు మీద పొర్లేదాకా వాయించడంలో అతన్ని మించినవాడు లేడు. అలాంటివాడికి కరీంనగర్‌లో ఒక హోటల్ పై అంతస్తులో, నీలం లైట్ల కింద, క్లబ్బులో లాగా వాయించే అవకాశం వచ్చింది. పిలిచింది స్పందన అనే పళ్ల డాక్టరమ్మ. ఇంటర్ దోస్తులంతా పాతికేళ్ల తరువాత శనివారం కలుస్తున్నారు. వాళ్ల కాలంలో ఐదుగురు అమెరికా పిలగాండ్లు తెల్లబట్టలేసుకుని, గాలికి జుట్టు ఎగరేసుకుంటూ ఇంగ్లీషులో ప్రేమపాటలు పాడేవారట. ఆ పాటలే కావాలంది.

"కని తమ్ముడూ, గా పాటలింటే మాకు ఏడుపొస్తది. మమ్ముల ఏడ్వనీయొద్దు… ఎగిరియ్యాలె."

సరేనన్నాడు. ఇంట్లో బాపు బాలమల్లు మాత్రం ఒక్కటే మాట చెప్పాడు. "గిదే ఆఖరు. వాళ్లు మల్ల పిలిస్తె నీ ఇష్టం. పిలువకపోతె సోమారం సంది సాంచల మీదికొస్తవ్."

నేత నేర్చుకోమని బాపు ఏడేళ్లు వెంటపడితే సాయిచంద్ నేర్చింది దారం తెంపడం ఒక్కటే. సాంచల పేరెత్తితేనే అతను చెప్పులు వెతుక్కుంటాడు. కాబట్టి ఈ మిక్స్ కుదరాలి. కానీ వాళ్ల వాడలో పగలూ రాత్రీ సాంచల మోతే, అందులో ఏది పాటో ఏది సాంచో చెవికి తెలియదు. నిశ్శబ్దం దొరికేది ఆ షెడ్డులోనే. మెడలో కొండగట్టు తాయత్తు, చంకలో లాప్‌టాప్, చేతిలో చిన్న స్పీకర్… అలా పోయాడు.

మూడు రాత్రులు కుస్తీ పట్టాడు. ఆ పాటలది ఎడ్లబండి నడక. వేగం పెంచితే ఐదుగురూ ఎలుకల్లా కీచుమన్నారు. వేగం తగ్గించి కింద తీన్మార్ వేస్తే ప్రేమపాట కాస్తా శవయాత్ర అయింది. క్లబ్బుల్లో వేసే దడదడ బీటు వేస్తే పాటదో దారి, బీటుదో దారి. పెళ్లిళ్లలో ముసలాళ్లను కూడా ఎగిరించిన తనకు, ఐదుగురు కుర్రాళ్లను నడిపించడం చేతకావడం లేదు. ఏడుపొచ్చింది. స్పందన మేడం వద్దన్నది అదే గదా!

గురువారం రాత్రి పన్నెండు దాటింది. విసిగిపోయి వాద్యాలన్నీ తీసేసి, ఉత్త గొంతులు మిగిల్చి పెట్టాడు. ఖాళీ షెడ్డులో ఒకడు మొదలుపెట్టాడు… రెండోవాడు అందుకున్నాడు…

టక్… ధన్. టక్… ధన్.

పాట లేచి నిలబడింది! తొందర లేదు, ఆలస్యం లేదు. సాయిచంద్ తల ఊగింది, భుజాలు ఊగాయి.

"వారెవా… ఏం కొట్టినవ్‌రా సాయిగా!" అని తన భుజం తానే తట్టుకున్నాడు.

ఇంతకీ ఈ బీటు ఎప్పుడు వేశానా అని తెర వంక చూశాడు.

వేయలేదు. అక్కడ గొంతులు తప్ప ఇంకేమీ లేవు.

పాట ఆపాడు. గొంతులు ఆగాయి.

టక్… ధన్. టక్… ధన్.

మూల నుంచి…

తాయత్తు పట్టుకుని హనుమంతుణ్ణి తలుచుకుందామనుకున్నాడు. నోటికొచ్చింది మాత్రం మూడు రాత్రులుగా విన్న ఇంగ్లీషు పాట. దాని అర్థం "నన్నిడిచి పోకు, నా పక్కనే ఉండు" అని. దెయ్యాన్ని అంత ప్రేమగా బతిమాలినవాడు కరీంనగర్ మొత్తం మీద ఇంకొకడుండడు.

ఒక చెప్పు వదిలేసి ఉరికాడు. సప్పుడు ఆగింది. గడప దగ్గర ఎవరో అడ్డం తగిలారు… తెల్లటి జుట్టు, ఒంటినిండా తెల్లటి దుమ్ము…

"అవ్వో!" అని అరిచి, వెళ్లి బాపు మీద పడ్డాడు. ఆ తెలుపంతా సాంచల దగ్గర అంటిన నూలు దుమ్మే.

"ఎందుకాపినవ్‌రా?" బాలమల్లు గుసగుసగా అడిగాడు. "నిన్ను గుంజుకపోదామని వచ్చిన. మగ్గం సప్పుడినవడ్డది… గీ బండ మీదనే కూసున్న. మగ్గం మీద ఏం చెయ్యిరా నీది! ఏడేండ్లు మొత్తుకున్నా నాకు ఒక్కనాడు సూపియ్యకపోతివి." కళ్లు తుడుచుకున్నాడు. "ఇగ సోమారం దాక ఎందుకు బిడ్డా, రేపే సాంచల మీదికి రా."

బాపు మెచ్చుకోవడం సాయిచంద్ పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. అదీ వేరేవాడి పనికి. భయం కన్నా ముందు సిగ్గుతో చచ్చిపోయాడు.

"బాపు… నేను కాదు."

బాలమల్లు సెల్లు లైటు లోపలికి కొట్టాడు. ఆ సగం చీరను ఎప్పుడో కోసేశారు. మగ్గం మీద పడుగు లేదు, నూలు పోగు లేదు, బూజు తప్ప. కింద తొక్కుడు చెక్క మాత్రం… ఇంకా మెల్లగా ఊగుతోంది.

"పోదాం పా బాపు…"

"నీ డబ్బా ఏది?"

"లోపట్నే ఉన్నది. ఉండనియ్యి… నాతోని గాదు గా మిక్సింగు. సోమారం వస్త, సాంచల మీదికే వస్త."

బాలమల్లు కొడుకు ముఖంలోకి చూశాడు. గెలిచినవాడి ముఖం కాదు బాపుది. చెప్పులు గడప అవతల విడిచి, రెండడుగులు లోపలికి వేసి, చీకట్లోకి చేతులు జోడించాడు.

"లక్ష్మీరాజం కాకా… నాకు మగ్గం నేర్పింది నువ్వే. నేను నా కొడుక్కు నేర్పలేకపోయిన. మొత్తుకుంట మొత్తుకుంట వాన్నే పరేషాన్ చేసిన. వానికి నేత రాదు కాకా, వానికి గీ పాటలే వస్తయి. నువ్వు జర… శనివారం దాక సాయం పట్టు."

షెడ్డులో గాలి కూడా కదలలేదు.

టక్… ధన్.

సాయిచంద్ తాయత్తు పట్టుకుని మగ్గం వంకే చూస్తున్నాడు. టక్… ధన్. బాలమల్లు వెనక్కి తిరిగి, గుసగుసగానే కసిరాడు.

"గట్ల సూస్తవేందిరా? గా సప్పుడు రికార్డు చెయ్యి!"