శుక్రవారం ఆగని కంప్యూటర్

ఉదయం తొమ్మిదిన్నరకి సాజిదా కంప్యూటర్ మళ్ళీ ఆగిపోయింది. చప్పుడూ లేదు, హెచ్చరికా లేదు. ఆసుపత్రి రికార్డులు ఎక్కిస్తుండగానే స్క్రీన్ నల్లబడిపోయింది. ఆ పిల్ల చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి.

చిలకలూరిపేటలో పరుపులు కుట్టే గౌస్ బాషాకి సాజిదా ఒక్కతే కూతురు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ కంపెనీ ఒకటి ఇంటి నుంచే చేసుకోమని ఉద్యోగమిచ్చింది. ఇల్లంటే ఒక హాలూ, ఒక వంటగదీ. హాల్లో ఈ మూల కంప్యూటర్, ఆ మూల గౌస్ బాషా దూది ఏకే మిషన్, మధ్యలో పాత చీర తెర.

రెండు నెలలుగా ఈ కంప్యూటర్ సాజిదాని ఏడిపించుకు తింటోంది. ఒకరోజు గంటకోసారి ఆగుతుంది, ఒకరోజు బుద్ధిగా పనిచేస్తుంది. శుక్రవారాలైతే అసలు ఆగదు. వైర్లు మార్చారు, ప్లగ్గు మార్చారు. సెంటర్లో షాపున్న అబ్దుల్లా విండోస్ కొత్తగా ఎక్కించి రెండు రోజులు తన దగ్గరే పెట్టుకున్నాడు. అక్కడ ఒక్కసారీ ఆగలేదు. ఇంటికి తెచ్చిన గంటకే మళ్ళీ మొదలు. దానికి ఏం పుట్టిందో ఎవరికి తెలుసు!

"దిష్టే తగిలింది. శుక్రవారం ఆగట్లేదంటే ఇంకా అర్థం కావట్లా?" అంది తల్లి జానీబీ.

"కంప్యూటర్‌కి దిష్టేంటమ్మా!" అంటుండగానే సాజిదా ఫోన్ మోగింది.

మేనేజర్ గొంతు మర్యాదగానే ఉంది. "సాజిదా గారూ, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఆగకుండా పనిచేసి చూపించండి. లేదంటే సోమవారం నుంచి హైదరాబాద్ ఆఫీసుకి వచ్చేయండి."

అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నకి దగ్గు. వీళ్ళని వదిలి వెళ్ళడం సాజిదా వల్ల కాదు. చెబితే నాన్న ఉద్యోగమే మానెయ్యమంటాడని ఆ మాట దిగమింగుకుంది.

గౌస్ బాషా మిషన్ ఆపి తెర పక్కకి జరిపాడు. "మళ్ళీ ఆగిందా?"

ఆ గొంతులో ఏదో తేలిక వినిపించింది. సాజిదాకి ఒళ్ళు మండిపోయింది.

"సంతోషమేనా నాన్నా? నువ్వే ఏదో చేస్తున్నావు! శుక్రవారం నువ్వు ఇంట్లో పని పెట్టుకోవు. ఆ రోజే ఇది ఆగదు."

"ఏందే ఆ మాట? ఆ డబ్బా మీద చెయ్యి వెయ్యాలంటేనే నాకు భయం!"

"మరి ఆగినప్పుడల్లా నీ మొహం ఎందుకు వెలుగుద్ది?"

జానీబీ ఎవరిని సముదాయించాలో తెలియక ఇద్దరి మధ్యా నిలబడిపోయింది. సాజిదా ఫోన్ చేస్తే కాసేపటికి అబ్దుల్లా వచ్చాడు. ఈసారి స్క్రూలు తీసి మూత విప్పాడు.

"గౌస్ మామా, ఇందులో దిండు కుట్టావేంటి?"

లోపల ఫ్యాను కనపడకుండా దూది మందంగా పేరుకుపోయి ఉంది. అబ్దుల్లా దాన్ని ఊడబెరికి చేతిలో పెడితే, గౌస్ బాషా అలవాటు కొద్దీ వేళ్ళతో పొరలు విడదీశాడు.

"ఈ పైపొర నిన్నటి బూరుగు దూది. కింద పసుపుగా ఉందే, అది వెంకటేశ్వరమ్మ గారి పాత పరుపుది, రంజాన్ అయ్యాక ఏకా. దీని కింద..."

రెండు నెలల తన కష్టమంతా కూతురి కంప్యూటర్లో దొరికింది.

"దూది ఎగరకుండా నువ్వు తలుపులేసి, ఫ్యాన్ ఆపేసి ఏకుతావు కదా మామా," అన్నాడు అబ్దుల్లా. "గాలాడక డబ్బా వేడెక్కి తనంతట తనే ఆగిపోద్ది. శుక్రవారం తలుపులు తీసి ఫ్యాన్ వేస్తారు, మా షాపులో ఏసీ ఉంది, అందుకే నడిచింది. అప్పుడే మూత విప్పి చూడకపోవడం నా తప్పు."

సాజిదా తల వంచుకుంది. "నాన్నా, నేను ఊరికే నిన్ను..."

"ఊరికే కాదులేమ్మా. నేనేం చెయ్యలా గానీ, ఆగినప్పుడల్లా సంతోషపడ్డ మాట నిజమే. ఉద్యోగం ఖాయమైతే నిన్ను హైదరాబాద్ తీసుకుపోతారని భయపడ్డా."

సాజిదా భోరుమంది. "ఇది ఆగితేనే తీసుకుపోతారు నాన్నా! ఇక్కడే మీ దగ్గరే ఉండాలనే కదా నా తంటాలన్నీ!"

గౌస్ బాషా అయోమయంగా కూతురినీ, చేతిలో దూదినీ మార్చి మార్చి చూశాడు. ఇన్నాళ్ళూ తాను కోరుకున్నది ఏమిటో అతనికి అప్పటికి అర్థమైంది. "చెప్పొచ్చు కదే పిచ్చిదానా," అన్నాడు చివరికి.

"నువ్వు అడగొచ్చుగా!" అని జానీబీ మొగుడి మీద విరుచుకుపడి, కొంగుతో కళ్ళొత్తుకుంది.

రెండింటికల్లా డబ్బా శుభ్రమైంది. కిటికీలు తెరిచారు, పై ఫ్యాన్ వేశారు. మిషన్‌ని రేపు పెరట్లో రేకుల కిందికి మారుస్తానని గౌస్ బాషా చెప్పాడు. మూడైంది, నాలుగైంది, ఐదైంది. కంప్యూటర్ ఆగలేదు. ఎందుకు ఆగట్లేదా అన్నట్టు జానీబీ దాని వంక అనుమానంగానే చూస్తోంది.

ఐదుముప్పావుకి, దిండ్లు కుట్టమని ఇచ్చిన అంకయ్య గుమ్మంలో నిలబడి కేకేశాడు. "ఏం గౌసూ, నా దిండ్లు అయినయ్యా? మిషన్ ఆపుకుని కూర్చున్నావేంది?"

గౌస్ బాషా పరుగులాంటి నడకతో వెళ్ళి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నెమ్మదిగా మాట్లాడు అంకయ్యా. లోపల మా అమ్మాయి డ్యూటీలో ఉంది."