చుట్టరికం లేనోళ్లే కావాలె

"ఇయ్యాల ఆ పిల్లతోని లొల్లి పెట్టుకోకు బిడ్డా. కోపానికొచ్చి తాళంచెవి బాయిల పారేసిందనుకో, ఊరోళ్ల పైసలన్నీ బీరువలనే మురుగుతయి" అంది చిలుకమ్మ, కొడుకు ఇంకా చెప్పుల్లో కాలైనా పెట్టకముందే.

"పైసలు మురుగయే అవ్వా" అన్నాడు పరశురాములు.

"ఎలుకలు కొడ్తయి గద."

మబ్బు పడితే పిడుగనీ, ఫోను మోగితే దవాఖాననీ అనుకునే మనిషి చిలుకమ్మ. అయితే ఈ భయం మాత్రం ఊరికే పుట్టింది కాదు.

రెండేళ్ల కిందట మొగుళ్లపల్లిలో కలిమి పొదుపు సంఘం మునిగింది. అప్పటి సెక్రటరీ, కోశాధికారి బావాబామ్మర్దులు. ఒకరు సంతకం పెడితే రెండోవారు చదవకుండానే పెట్టేవారు. ఇంట్లో బువ్వ తింటూ మాట్లాడుకుని, సంఘం డబ్బంతా హైదరాబాద్ ప్లాట్ల వ్యాపారంలో పోశారు. వానాకాలం వచ్చాక ఆ ప్లాట్లు చెరువులో ఉన్నాయని తెలిసింది. చిలుకమ్మ బర్రెను కొందామని మూడేళ్లు దాచిన సొమ్మూ అందులోనే ఉంది. ఇప్పటికీ వాన పడితే చాలు, "నా బర్రె ఆడ ఈత కొడ్తున్నది" అంటుంది.

అప్పుడు భూపాలపల్లి నుంచి అధికారి వచ్చి కొత్త నియమాలు రాయించాడు. బీరువాకు రెండు తాళాలు. ప్రతి కాగితానికి సెక్రటరీవి, కోశాధికారివి రెండు సంతకాలు. ఆ ఇద్దరికీ చుట్టరికం ఉండకూడదు. చుట్టరికం కలిసేటట్టుంటే ముందుగానే కాగితం మీద రాసి, మీటింగులో అందరి ముందూ చదివి, ఒకరు దిగిపోవాలి.

రాయడం తేలికే. చుట్టరికం లేని ఇద్దరిని వెతకడానికి నాలుగు రోజులు పట్టింది. ఎవరిని నిలబెట్టినా మేనమామ కొడుకో, వదినె తమ్ముడో అయ్యాడు. చివరికి మీసేవ నడుపుకునే పరశురాములును సెక్రటరీ చేశారు. పక్క తండాలో బీకాం చదివిన చాందీని కోశాధికారి చేశారు. ఊరికీ తండాకూ పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు లేవు కాబట్టి, వీళ్ల మధ్య చుట్టరికం ఈ జన్మలో పుట్టదని పెద్దలు నిశ్చింతగా చాయ్ తాగారు.

మొదటి రోజే అతను పావుగంట ఆలస్యంగా వచ్చాడు. ఆమె ఎర్ర పెన్నుతో ఆ పావుగంటను రిజిస్టర్‌లో ఎక్కించింది.

"గిది బడి కాదు మేడమ్."

"బడి అయితే గుంజీళ్లు తీయించేదాన్ని, సెక్రటరీ సాబ్."

ఆ లొల్లి బస్టాండు దాకా వినబడింది. ఊరి ప్రాణం కుదుటపడింది. ఇంతలా పడని వాళ్లు ఇక కలిసి ఏం తింటారని, పొదుపు మానుకున్నవాళ్లంతా మళ్లీ పాస్‌బుక్కులు తీసుకుని వచ్చారు.

చిలుకమ్మకే పరేషాన్. చాందీ ఊళ్లో మగవాళ్లందరినీ నోరారా "అన్నా" అని పిలుస్తుంది. పాలు పోసే భిక్షం అన్న, ఆటో వెంకట్ అన్న. తన కొడుకును మాత్రం ఒక్కసారి కూడా అన్నా అనలేదు. అంత పగ దేనికో ఆమెకు అర్థం కాలేదు.

ఆ మధ్యాహ్నం వాన దంచుతుంటే సద్దిగిన్నె పట్టుకుని సంఘం ఆఫీసుకు పోయింది. లొల్లి వినబడలేదు. చంపుకున్నారేమోనని వెనక కిటికీ చూరు కింద చెవి పెట్టి నిలబడింది.

"తల తుడుచుకో. జరమొస్తే మీ అవ్వ ఊరంత దవాఖాన చేస్తది." చాందీ గొంతు.

"నువ్వే తుడువరాదు."

"ఎవలో గొడుగు పట్టుకొని వస్తున్నరు. ఒర్రు, ఒర్రు."

"మేడమ్, నిన్నటి ఓచర్ ఏది?" పరశురాములు కప్పు ఎగిరేలా అరిచాడు.

"మీ ముంగటనే ఉన్నది. కండ్లు ఇంట్ల మరిచొచ్చిండ్రా?"

గొడుగు సంతోషంగా దాటిపోయింది. గొంతులు మళ్లీ దిగాయి.

"ఇంకెన్నొద్దులు ఒర్రాలె చాందీ? నా గొంతు పోయింది. అవ్వ రోజు మిరియాల పాలు తాపుతున్నది."

"మొన్న వానల ఒక్క గొడుగు కింద పోతూ నవ్వినం. ఏమైంది? తెల్లారి నలభై మంది పైసలు తీస్కపోతమని లైన్ల నిలబడ్డరు. మనం దోస్తులమైతే వాళ్లకు నిద్ర పట్టదు."

"దోస్తులమేనా?"

రిజిస్టర్ మూసిన చప్పుడు వినబడింది.

"ఏదన్న చెప్పాలనుంటే మీటింగుల చెప్పు" అంది చాందీ. "చాటుకు మాట్లాడుకునుడుతోనే ఈ ఊరు మునిగింది. నేను చాటు మాటలు వినను."

చిలుకమ్మ కిటికీ నుంచి చెవి తీసింది. అయ్యో, అంత మంచి పగ. అది కాస్తా పోతే సంఘం మునుగుతుంది, బర్రె రెండోసారి ఈతకు దిగుతుంది. సద్దిగిన్నె ఇవ్వడం మరిచి ఇంటికి నడిచింది. కొడుకు ఆ పూట పస్తు.

రాత్రి బువ్వ పెడుతూ మెల్లగా కదిపింది. "బిడ్డా, ఈ నడుమ లొల్లి తక్కువైనట్టున్నది. జర గట్టిగ పెట్టుకో."

పరశురాములు ముద్ద నోట్లో పెట్టుకోకుండా తల్లిని చూశాడు. "పొద్దుగాల వద్దంటివి."

"పొద్దుగాలది పొద్దుగాల."

ఆదివారం బడి వరండాలో మీటింగు. రెండు వందల మంది వచ్చారు. అధ్యక్షుడు లస్మయ్య ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి, ఒక్క టికెట్టూ తప్పు కొట్టలేదని ఎన్నికైనవాడు. చివర్లో కళ్లజోడు సర్దుకుని, "చుట్టరికాల కాయితం ఎవలన్న ఇచ్చేదున్నదా? లేదు గద, ఇగ పోదాం" అన్నాడు.

పరశురాములు లేచాడు. చిలుకమ్మ అంగీ పట్టి గుంజింది. గుండీ ఆమె చేతిలోకి వచ్చింది గానీ కొడుకు కూర్చోలేదు.

"నాకూ కోశాధికారి చాందీకీ ఇయ్యాల్టికి ఏ చుట్టరికం లేదు" అని చదివాడు. "కావాలని నాకున్నది. ఆమెను ఇంక అడగలే. చాటుకు అడుగుడు నియమం కాదు. ఆమె ఔనన్నా కాదన్నా, ఇగ ఆమెతోని ఉత్తగ కొట్లాడుడు నాతోని కాదు. అందుకని దిగిపోతున్న." తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"మునిగినం" అన్నాడు వెనక నుంచి భిక్షం. "నా బుక్కు ఎక్కడున్నది?"

కుర్చీలు కదిలాయి. లస్మయ్య బల్ల మీద చరిచాడు.

"ఆగుండ్రి. నడిసే బండిల్నుంచి ఎవలు దుంకొద్దు. ఎనకటోళ్లు అంత తిని గూడ చెప్పలే. ఈ పిలగాడు ఏం తినకముందే కుర్చీ దిగి చెప్తుండు. గిసుంటిదానికేనా పైసలు తీస్కపోయేది? తాళానికి ఇంకొకర్ని దేవులాడుదాం."

భిక్షం కాసేపు ఆలోచించి కూర్చున్నాడు. తక్కినవాళ్లూ కూర్చున్నారు.

"చాందీ, నీ మాటేంది బిడ్డా?"

చాందీ కాగితం అందుకుంది. చదివింది. వెనక్కి తిప్పి చూసింది. మళ్లీ మొదటి నుంచి, తేదీతో సహా చదివింది.

రెండు వందల మంది ఆ కాగితం వైపే మెడలు చాచారు. పరశురాములు గుండీ లేని అంగీని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. చిలుకమ్మ జన్మంతా ఏదో జరుగుతుందని భయపడింది. జరగకపోతే ఎట్లా అని భయపడటం ఇదే మొదలు. బర్రె మాట ఆమెకు గుర్తే రాలేదు. ఈ పిల్ల కాదంటే వీడు నవ్వడం మానేస్తాడు, తిండి మానేస్తాడు, చిక్కి సగమవుతాడు. అప్పుడే సగమైనట్టు కనిపించాడు కూడా.

పక్కనే కూర్చున్న చాందీ తల్లి సక్రి తమ భాషలో కూతురికి ఏదో అంది.

"ఏమన్నవు సక్రమ్మా? మావోణ్ని తిట్టినవా?" చిలుకమ్మ ఆమె వైపు తిరిగింది.

"పోరని కాళ్లు వణుకుతున్నయి, జల్ది చెప్పమన్న. మంచోడే ఉన్నడు. అక్కా, నువ్వు జర నా చెయ్యి ఇడువు. నొస్తున్నది."

చిలుకమ్మ చూసుకుంది. ఎప్పుడు పట్టుకుందో, సక్రి చేతిని రెండు చేతులతో పిసికేస్తోంది. అయినా వదల్లేదు.

చాందీ కాగితాన్ని బల్ల మీద పరిచింది. అతని వైపు చూడకుండానే చెయ్యి చాచింది.

"గిందుల ఒక్కటే సంతకమున్నది. రెండోది లేంది మన సంఘంల ఏ కాయితం చెల్లదు. పెన్నియ్యి, సెక్రటరీ సాబ్. ఎర్రది వద్దు."