అయిదో ఇంజెక్షన్

రోజారాణి పరిగెడుతోంది.

మేడ్చల్ రైల్వే స్టేషన్. శనివారం, రాత్రి ఏడూ నలభై. లోకల్ రైలు అప్పుడే ఆగింది. దిగే జనం, ఎక్కే జనం... మధ్యలో నీలం చొక్కా.

సాయికిరణ్.

"జరుగున్రి... పోలీస్. జరుగున్రి."

ఎస్సై అయి పదకొండేళ్ళు. ఇంత భయంతో ఎప్పుడూ పరిగెత్తలేదు. వాడు ఎలాగూ దొరుకుతాడు. ముందు వాడి ఫోన్ కావాలి. అందులో ఇంకొక ప్రాణం ఉంది.

బరువు తగ్గించే పెప్టైడ్ ఇంజెక్షన్ అని పెన్నుల్లాంటి సూదులు అయిదు అమ్మాడు. పైన లేబుల్ అదే. లోపల ఉన్నది ఇన్సులిన్.

షుగర్ జబ్బు లేనివాళ్ళు గుచ్చుకుంటే ఒంట్లో చక్కెర పడిపోతుంది. చెమటలు. వణుకు. ఆ తర్వాత స్పృహ ఉండదు.

నిన్నటి నుంచి నలుగురు పడిపోయారు. ముగ్గురు ఆసుపత్రిలో ఉన్నారు. గండిమైసమ్మలో బట్టలు కుట్టే ఏసమ్మ ఇక లేవలేదు.

అయిదో మనిషెవరు?

నీలం చొక్కా పట్టాల మీదికి దూకింది. రోజారాణి కూడా దూకింది. మోకాలు చీరుకుపోయింది. అవతలి నుంచి కానిస్టేబుల్ మల్లేష్ అడ్డం వచ్చాడు. ముగ్గురూ కంకర మీద పడ్డారు.

"అయిదోది ఎవలకిచ్చినవ్ రా?"

"నాకేం ఎరుక మేడమ్... నేను స్టిక్కర్ అంటిచ్చిన, గంతే."

"పేరు."

"పేరు చెప్పలే. ఇన్‌స్టాల మెసేజ్ చేసింది. శామీర్‌పేట పిల్ల. పొద్దుగాల ఇచ్చిన. ఏడింటికి ఏస్కోమన్న."

ఏడు దాటి నలభై నిమిషాలైంది.

మల్లేష్ వాడి వేలు పెట్టించి ఫోన్ తెరిచాడు. రోజారాణి లాక్కుంది.

'ఇంటికి రావొద్దు అన్నా. బస్టాప్ కాడ ఇయ్యి. మమ్మీకి తెల్వొద్దు.'

'నిజంగ పనిచేస్తదా? డాక్టర్ సార్ గిదే రాసిండు. మమ్మీ వద్దన్నది.'

పక్కన గుండ్రంగా చిన్న ఫొటో. పోలీస్ టోపీ పెట్టుకున్న కుక్కపిల్ల.

ఆ టోపీ తనది. ఆ కుక్కపిల్ల పేరు బన్ను.

తేజస్వి...

నెల కిందటే కదా డాక్టర్ చెప్పాడు. "ఈ మందు బాగానే పనిచేస్తుందమ్మా. అందరికీ ఇవ్వం. మీ పాపకి పనికొస్తుంది. చిన్న డోసుతో మొదలుపెడదాం, నేను చూసుకుంటాను."

తను నవ్వింది. "నోరు కట్టుకోనీకి సూదెందుకు సార్?"

పక్కన కూతురు తల దించుకుంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల.

తేజస్వి ఫోన్ మోగుతోంది. ఎత్తట్లేదు.

ఇంటికి చేసింది. తల్లి దుర్గాబాయి ఎత్తింది.

"అమ్మా, తేజు ఏది?"

"పండుకున్నదే. ఒళ్ళంత చెమటలు. లేపితే లెవ్వట్లే..."

"మల్లేష్, శామీర్‌పేటకు అంబులెన్స్ పంపియ్... మా ఇంటికి. అమ్మా, జల్దీ. ఇంత చక్కెర తేజు చిగుళ్ళకు రాయి. జల్దీ."

అటువైపు డబ్బాల చప్పుడు. ఒక మూత. ఇంకో మూత. ఏదో కింద పడింది.

"చక్కెర ఏడిదే మనింట్ల? పిల్ల తింటాందని నువ్వే పారబోస్తివి. బెల్లం సుత ఉంచలే."

రోజారాణి జీపు వైపు పరిగెత్తింది.

"పక్కింట్ల... అడుగమ్మా."

"తాళమున్నది. పెండ్లికి పోయిన్రు. ఉండు, మూలమీది చాయ్ హోటల్‌కు పోతున్న."

ఫోన్ మంచం మీదే ఉండిపోయింది. నొప్పి మోకాళ్ళతో అమ్మ ఈడ్చుకుంటూ పోతున్న చెప్పుల చప్పుడు. ఆ తర్వాత కూతురి ఊపిరి. గురకలా. ఆగి... మళ్ళీ.

జీపు స్టేషన్ గేటు దాటింది. శామీర్‌పేట ఇంకా చాలా దూరం.

ఊపిరి. ఆగింది... మళ్ళీ.

"తేజూ, వస్తున్న బిడ్డా. మమ్మీ వస్తున్న."

బన్ను మొరుగుతోంది. రోజారాణి ఫోన్‌ని చెవికి అదిమి పెట్టుకుంది. కుక్క అరుపు తప్ప ఏమీ వినిపించట్లేదు.

చెప్పుల చప్పుడు. పరిగెత్తుకొచ్చిన ఆయాసం.

"తెచ్చిన తేజూ, చక్కెర తెచ్చిన... నోరు తెరువు."

కాగితం పొట్లం విప్పిన చప్పుడు.

"నోరు తెరువు బిడ్డా. మీ అమ్మ ఏమనదు... జెర నోరు తెరువు."