పచ్చదీపం వంతెన

వాడపాడు సంతలో పొద్దెక్కినా ఉప్పు వ్యాపారి పరదేశి త్రాసు సంచిలోంచి బయటికి రాలేదు. చింతగెడ్డ వాగు అవతలి ఊరి నుంచి గాసి తెచ్చే పసుపు తూస్తేనే అతనికి బోణీ. ఇద్దరికీ మీసాలు రాకముందు నుంచీ ఉన్న ఆనవాయితీ అది. ఉప్పు కోసం వచ్చినవాళ్లు నిలబడి చూసి పక్క కొట్టుకు పోతున్నారు.

“గాసి వచ్చినప్పుడు వస్తాడు గానీ, త్రాసు తియ్యి బాబూ. బేరాలన్నీ పోతన్నాయి,” అంది ఎండుచేపలమ్మే ఎర్రయ్యమ్మ.

“వంతెన మీద దీపం పచ్చగానే ఉందే!” అన్నాడు పరదేశి. “మొన్నటిదాకా నారింజ రంగులో ఉంటే ఊరంతా వరసకట్టి వచ్చీవోరు. పచ్చబడ్డాక ఒక్కడూ రాడేటి?”

“నన్నడిగితే? ఆ దీపాన్నే అడుగు.”

గాసికివ్వాల్సిన ఉప్పు మూట నడుముకు కట్టుకుని, పరదేశి నిజంగానే అడగడానికి బయలుదేరాడు.

కొండదారుల్లోని పాత వంతెనలన్నిటికీ ముప్పుచూపరులనే మాట్లాడే యంత్రాలు పెట్టాక జనం మబ్బును చూడడం మానేసి దీపాన్ని చూడడం నేర్చుకున్నారు. కొండవాలులో పాతిన మట్టిచెవులు జారే మట్టిని వింటాయి. స్తంభాలకు అతికించిన పలకలు పగుళ్లను కొలుస్తాయి. అన్నీ కలిపి చూపరి ఒక ముప్పు అంకె తేల్చి, దాన్నిబట్టి దీపాన్ని పచ్చగానో నారింజగానో ఎర్రగానో వెలిగిస్తుంది. ఈ వానాకాలంలో దీపం ఒక్కసారి ఎర్రబడినా చింతగెడ్డ వంతెన కూల్చేస్తామని అధికారులు చెప్పి వెళ్లారు. కొత్తది కట్టే మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

సరుకు ధర తగ్గితే పరదేశి వెంటనే కారణం వెతుకుతాడు. సరుకైనా ఎక్కువ వచ్చి ఉండాలి, కొనేవాడైనా తగ్గి ఉండాలి. ముప్పు తగ్గడానికీ ఏదో కారణం ఉండాలి కదా?

“కొండ గట్టిపడిందా?” వంతెన మొదట్లో ఉన్న చూపరిని అడిగాడు.

“లేదు. మునుపటికంటే ఎక్కువే జారుతోంది,” అంది చూపరి.

“వంతెన బాగుచేసినారా?”

“లేదు.”

“మరి ముప్పెలా తగ్గింది?”

“దాటేవారు తగ్గారు. వంతెన కూలినా ప్రాణనష్టం తక్కువ. కనుక ముప్పు తక్కువ. మీరు దాటవచ్చు.”

ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో పరదేశికి దొరకలేదు. తప్పు లేదనడానికీ మనసొప్పలేదు. గాసినే అడుగుదామని వంతెన మీద కాలు పెట్టాడు. దీపం నారింజకు మారింది.

“ముప్పు పెరుగుతోంది,” అంది చూపరి.

“వద్దు సావుకారీ! ఎనక్కెల్లిపో!” అవతలి గట్టు మీద గాసి రెండు చేతులూ ఊపుతున్నాడు. పసుపు బుట్ట కాళ్ల దగ్గరే ఉంది.

పరదేశి వెనక్కి దిగాడు. దీపం మళ్లీ పచ్చబడింది.

“ఏటిరా గాసీ ఇదంతా?”

“సంతకెల్లొద్దని ఊరంతా ఒట్టేసుకున్నాం! ఎర్రబడితే ఒంతెన తీసెత్తారు. మా కోడలికి నెలలు నిండినాయి. అర్ధరాత్రి నొప్పులొత్తే ఆసుపత్రికి ఏ దారిన అట్టుకెల్లమంటావు?”

“మరి ఉప్పు?”

“సప్పగానే తింటన్నాం!”

“నేనొక్కణ్ణే అట్టుకొస్తానురా, ఒక్కసారి!”

“నువ్వొత్తే ఇంకోడొత్తాడు. నీకు తెల్దా యాపారం?”

గాసి వంగి గుప్పెడు పసుపు కొమ్ములు తీసి ఎత్తి చూపించాడు.

“బోణీ చేసుకో సావుకారీ! తూసీసినట్టే అనుకో!”

పరదేశి నడుముకున్న ఉప్పు మూట విప్పి పైకెత్తాడు. గాసి తల ఊపి, కొమ్ములు మళ్లీ బుట్టలో పోసుకున్నాడు.

సంతకు తిరిగొచ్చి పరదేశి త్రాసు బయటికి తీశాడు.

“బోణీ అయినట్టేనా బాబూ?” అంది ఎర్రయ్యమ్మ.

పరదేశి ఖాళీ తక్కెడను పైకెత్తి పట్టి, రెండు పళ్లేలనూ ఆమెకు చూపించాడు. అవి సరిసమానంగా ఊగుతున్నాయి.