చేప గుర్తు చెంబు

ఏసయ్య చెయ్యి బెణికిన పుణ్యాన, మడుగులో దిగేవాళ్ల నడుముకు కట్టి పైనుంచి పట్టుకునే తాడు ఆయన కూతురు ఎస్తేరు చేతికి వచ్చింది. ప్రభుదాస్‌కు అంతకన్నా కావలసిందేముంది అనుకుంటాం. కానీ ఎస్తేరు ఆ తాడును అతని నడుముకు బిగించిన తీరు చూస్తే, మనసిచ్చిన పిల్లలా లేదు, చెరుకు మోపు కట్టే మనిషిలా ఉంది.

రెంజల్ దాటాక గోదావరి మడుగులో నిజాం కాలం నాటి సరకు పడవ ఒకటి మునిగి ఉంది. బెల్లం, ఇత్తడి సామాను వేసుకుని అవతలి మరాఠీ ఒడ్డుకు పోతూ మునిగిందట. బెల్లం గోదావరి తాగేసింది, ఇత్తడి మిగిలింది. తొంభై నాలుగులో సర్కారు అక్కడ బోర్డు పెట్టింది: దిగి చూడవచ్చు, ముట్టుకోరాదు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు సిలిండర్లు కట్టి లోపల తిప్పి చూపించేది ప్రభుదాస్. కాపలా ఏసయ్య. పడవలోంచి మేకు తీసినవాణ్ణి కూడా ఆయన మళ్లీ తన తాడు మీద దించడు. ఇక పిల్లనిచ్చే మాట చెప్పనే అక్కర్లేదు.

ఆ పిల్లను అడగడానికే ఆదివారం చర్చి అయ్యాక ప్రభుదాస్ తల్లి శారమ్మ వస్తోంది.

నిన్న అతని సైకిల్ సంచిలో దొంగచాటుగా జామపండ్లు పెట్టబోయిన ఎస్తేరు చేతికి ఇత్తడి చెంబు తగిలింది. దాని పొట్ట మీద చేప గుర్తు. పడవలోని ప్రతి పాత్ర మీదా ఉండే గుర్తు, బోర్డు మీద బొమ్మ వేసి మరీ చూపించిన గుర్తు. జామపండ్లు ఇంటికి తిరిగొచ్చాయి.

ఇప్పుడు మడుగు నడుమ నాటు పడవలో ఇద్దరే ఉన్నారు. ఏసయ్య ఒడ్డున రాయి మీద, కట్టు కట్టిన చేత్తో.

"సంచిల ఏమున్నది?" అంది ఎస్తేరు.

"ఆదివారం చెప్త."

"ఆదివారం మీ అమ్మ అస్తది. గా లోపల్నే తెల్వాలె నాకు."

"తాడు పట్టినోళ్లు మాట్లాడొద్దని మీ బాపు చెప్పలేదా?" అని నవ్వి, సిలిండర్ తగిలించుకుని, సంచి చంకన పెట్టుకుని నీళ్లలోకి జారాడు.

కోపంలో ఉన్న మనిషికి సంచి నిండుగా ఉందా, ఖాళీగా ఉందా అన్నది కనిపించదు. ఇంకేదో తేవడానికే పోతున్నాడనుకుంది. ఒడ్డు వైపు చూసింది. బాపూ అని ఒక్క కేక వేస్తే అతని పని పోతుంది, ఆదివారమూ పోతుంది. నోటిదాకా వచ్చిన కేకను మింగింది.

అంతలో తాడు కదలడం మానేసింది. ఒకసారి గుంజితే బాగున్నానని, రెండుసార్లు గుంజితే లాగమని. ఆమె గుంజి అడిగింది. జవాబు లేదు. మళ్లీ గుంజింది. స్తంభానికి కట్టినట్టు తాడు బిగుసుకుని ఉంది.

ఈసారి కేక ఆగలేదు.

"గుంజకు బిడ్డా," ఏసయ్య నిలబడి అరిచాడు. "పడవ కమ్మికి సుట్టుకున్నది. వదులు చెయ్యి."

ప్రాణమంతా లాగమంటుంటే వదలడం ఎంత కష్టమో ఎస్తేరుకు అప్పుడు తెలిసింది. చేతుల్లోంచి తాడు జారనిచ్చింది. చేప గుర్తు మరిచిపోయింది, బోర్డు మరిచిపోయింది. దొంగైతే దొంగే, పైకి రానీ ప్రభువా అనుకుంది.

తాడు రెండుసార్లు కదిలింది.

అరచేతులు ఒరుసుకుపోయేలా లాగింది. ప్రభుదాస్ పడవ అంచు పట్టుకుని రొప్పుతూ తేలాడు. చంకన సంచి ఖాళీగా అతుక్కుని ఉంది.

"పెట్టొచ్చిన," అన్నాడు.

ఆ చెంబు బోర్డుకు ముందు కాలంలో వాళ్ల తాత వలకు చిక్కిందట. వచ్చినవాళ్లకు కాళ్లు కడుక్కోను ఇంట్లో అదే. కావలాయన పిల్లను అడగబోతూ పడవ సొమ్ము ఇంట్లో పెట్టుకుంటామా అని శారమ్మ పట్టుబట్టింది.

"నాకైన చెప్పొచ్చు గద," అంది ఎస్తేరు.

"నీకు చెప్తె నీ మొఖంల మీ బాపు సదువుకుంటడు."

తడి తాడు కొసతో వీపు మీద ఒకటి ఇచ్చింది. తర్వాత చాలా చిన్నగా, "దొంగవైనా సరే అనుకున్న. సిగ్గు లేకుండ," అంది. అతను నవ్వలేదు.

ఒడ్డుకు చేరాక ఏసయ్య ఇద్దరినీ, ఖాళీ సంచినీ చూశాడు.

"బోర్లేసినవా, నిలబెట్టినవా?"

ప్రభుదాస్ ఖాళీ సంచిని వీపు వెనక్కి దాచాడు.

"ఏటా క్రిస్మస్‌కు మీ ఇంట్ల నేను కాళ్లు కడుక్కున్నది గా చెంబుతోనే గదరా. ఎన్నడు పెడ్తరో అని సూస్తున్న." కట్టు సర్దుకుని ఏసయ్య ఇంటి దారి పట్టాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. "ఆదివారం అమ్మను రమ్మను. మల్ల మేమస్తే కాళ్లకు నీళ్లు దేంట్ల ఇస్తదో, గది గూడ ఆలోచన జేసుకొని రమ్మను."