తీసేసిన స్పీడ్ లాక్

ఉదయం ఎనిమిదింటికి అల్లుడు అత్తగారిని మంచం మీంచి జాగ్రత్తగా లేపి కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. రెండు నెలలుగా రోజూ అదే పని. ఫుట్‌పాత్ మీద నడిచి వస్తున్న ఆవిడను ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ గుద్ది, ఆగకుండా పోయింది. తుంటి ఎముక విరిగింది. ముప్పై ఏళ్ళు పిల్లలకు డ్రిల్లు నేర్పిన మనిషికి ఇప్పుడు బాత్రూమ్‌కు వెళ్ళాలన్నా ఒకరి చెయ్యి కావాలి.

కన్నకొడుకైనా ఇంత చెయ్యడని పలకరించడానికి వచ్చిన వాళ్ళందరికీ ఆవిడ చెప్పేది. ఆ మాట వినపడగానే అతను ఏదో పనున్నట్టు పక్కకు తప్పుకునేవాడు. మొహమాటం కాబోలని భార్య అనుకునేది.

అతనిది ఎలక్ట్రిక్ స్కూటర్ల రిపేరు షాపు. ఆ రోజు అతను షాపుకు వెళ్ళాక ఇంటికి కానిస్టేబుల్ వచ్చాడు. గుద్దినవాడు దొరికాడని చెప్పాడు. రూలు ప్రకారం ఇరవై ఐదు దాటకూడని బండి ఆ రోజు యాభై మీద ఉందట. దాని వేగాన్ని కట్టేసే స్పీడ్ లాక్ తీసింది మీ ఆయనేనని, గుద్దిన మర్నాడు పగిలిన లైటు మార్చింది కూడా ఆయనేనని వాడు చెబుతున్నాడట.

భార్య ఫోన్ చెయ్యలేదు. నడుచుకుంటూ షాపుకు వెళ్ళింది.

"అమ్మను గుద్దిన బండి మీ దగ్గరికి వచ్చిందా?"

అతను చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"వచ్చింది. ముందు చక్రానికి ఆకుపచ్చ ఊలు చుట్టుకుని ఉంది. అత్తయ్య స్వెట్టర్‌ది."

"ఏం చేశారు?"

"కత్తిరించి పారేశాను."

తర్వాత అతను చాలా చెప్పాడు. నత్తనడకకైతే బండెందుకని అందరూ లాక్ తీయించుకుంటారని, తను కాదంటే పక్కవీధిలో తీస్తారని, నిజం చెబితే ఇల్లే కూలిపోతుందని భయపడ్డానని. ఆమె అంతా విన్నది.

"రెండు నెలలు ఆవిడ చేత కన్నకొడుకు కంటే ఎక్కువని ఎలా అనిపించుకున్నారండీ?"

అతను షటర్ దించి నేరుగా స్టేషన్‌కు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. కేసు రాసుకుని, పిలిచినప్పుడల్లా రావాలని చెప్పి పంపించారు.

సాయంత్రం అత్తగారి కుర్చీ ముందు కింద కూర్చుని అతనే అంతా చెప్పుకున్నాడు. ఆవిడ తన కాళ్ళకేసి చూసుకుంది.

"అలాంటి బండ్లు ఊళ్ళోకి ఇంకెన్ని వదిలావు?"

అతను మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు.

"గుర్తులేదు అత్తయ్యా."

"గుర్తు తెచ్చుకో. ఒక్కొక్కళ్ళనీ పిలిచి మళ్ళీ బిగించు. అందాకా నన్ను ముట్టుకోకు."

కుర్చీ చేతులు పట్టుకుని ఆవిడ తనంతట తానే లేవబోయింది. సగం లేచి పక్కకు ఒరిగింది. అలవాటుగా ముందుకు చాచిన అతని చేతులు గాలిలోనే ఆగిపోయాయి. కూతురు పరుగున వచ్చి తల్లిని పట్టుకుంది. ఆవిణ్ణి మంచం మీద పడుకోబెట్టి తిరిగొచ్చి, భర్త ఫోన్ తెచ్చి అతని ముందు పెట్టి, పక్కనే కూర్చుంది.

అతను మొదటి నంబరుకు ఫోన్ చేశాడు. అవతలి మనిషి ఏమిటి విషయమని అడిగాడు.

"మీ బండి ఒకసారి తీసుకురండి సార్. నేనొక తప్పు..."

 అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని మిగతా మాట భార్యే చెప్పింది.